జెల్ పాలిష్ మీద మెరుపు పొడులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పెళ్లిళ్ల కాలం మొదలైందంటే, గోళ్ల అలంకరణకు వచ్చేవారిలో చాలామంది ఫోనులో ఒక ఫోటో చూపించి "ఇట్లా అద్దం మాదిరి రావాల" అని అడుగుతారు. ఆ మెరుపు సీసాలోని రంగుతో వచ్చేది కాదు, ఆరిన జెల్ పాలిష్ (అతినీల లోహిత కాంతినిచ్చే చిన్న ల్యాంపు కింద గట్టిపడే గోళ్ల రంగు) మీద సన్నటి పొడిని రుద్దితే వచ్చేది. ఏడేళ్లుగా ఈ పని చేస్తున్న నన్ను మా దుకాణానికి వచ్చేవారు, కొత్తగా పని నేర్చుకుంటున్న అమ్మాయిలు, చిత్తూరు నుంచి ఫోను చేసేవారు పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. మంచి పొడి ఎక్కడ దొరుకుతుందన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న. పొడి బాగాలేక పని చెడడం నేను చూసింది అరుదు. పొడికి కింద ఉండే పొర, పైన వేసే పొర సరిగా లేకనే తొంభై పాళ్లు చెడుతుంది. అందువల్ల ఆ పొరల సంగతే ఈ జవాబుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ పొడి అసలు దేనితో తయారవుతుంది?

ముత్యపు మెరుపునిచ్చే పొడుల్లో ఎక్కువ భాగం అభ్రకంతో తయారవుతాయి. మన పల్లెల్లో కాకిబంగారం అనేది దీన్నే. తిరుపతికి రైలు దూరంలో ఉన్న గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల నుంచి తీసిన అభ్రకం ఒకప్పుడు నెల్లూరు మైకా పేరుతో విదేశాలకు ఎగుమతి అయ్యేది కాబట్టి, ఈ పదార్థం మనకు కొత్తదేమీ కాదు. అభ్రకాన్ని పొరలు పొరలుగా విడదీసి, కంటికి కనపడనంత చిన్న పలుకులుగా నూరి, ప్రతి పలుకు మీద టైటానియం డయాక్సైడ్ పూత పూస్తారు. ఆ పూత మందం నానోమీటర్లలో ఉంటుంది. పూత పలుచగా ఉన్నప్పుడు వెండి మెరుపు వస్తుంది, మందం పెరిగేకొద్దీ బంగారు వన్నె, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా కనిపిస్తాయి. పొడిలో రంగు కలపకుండానే ఇన్ని వన్నెలు రావడానికి కారణం, పూత పైతలం నుంచీ అడుగుతలం నుంచీ తిరిగివచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలవడమే. నీళ్ల మీద తేలిన నూనె చుక్కలో రంగులు కనిపించేదీ ఇలాగే. బంగారు, రాగి వన్నెలు ముదురుగా కావాలంటే ఐరన్ ఆక్సైడ్ పూత పూస్తారు. ఇప్పుడు గనుల అభ్రకానికి బదులు కర్మాగారంలో తయారుచేసిన అభ్రకాన్ని కూడా విరివిగా వాడుతున్నారు.

అద్దంలా మెరిసే క్రోమ్ పొడుల సంగతి వేరు. పేరు క్రోమ్ అయినా చాలా పొడుల్లో ఉండేది క్రోమియం కాదు, రేకుల్లా పలుచటి అల్యూమినియం పలుకులు. ఇంత సాంకేతికత రాకముందు గోళ్ల రంగులకు ముత్యపు నిగారింపు చేపల పొలుసు నుంచి తీసిన గ్వానిన్ అనే పదార్థంతో వచ్చేదని చెబితే మా దగ్గరికి వచ్చేవారు నమ్మరు, కాని అది నిజం.

అన్ని పొడులూ పలుకులే కాబట్టి, రుద్దడంలోని ఉద్దేశం ఒక్కటే: నిలువుగా, అడ్డంగా పడి ఉన్న పలుకులన్నీ గోరు మీద పెంకుల మాదిరి పడుకోవాలి. పడుకున్న పలుకు కాంతిని ఒకే దిక్కుకు తిప్పుతుంది, లేచి ఉన్నది చెదరగొడుతుంది. మిగతా ప్రశ్నలకు జవాబులన్నీ ఈ మాట దగ్గరికే వస్తాయి.

ఏ పొడికి కింద ఏ రంగు వేయాలి?

అద్దం మెరుపు కావాలంటే నల్ల జెల్ వేయాలి. పలుకుల మధ్య సందుల్లోంచి దూరిన కాంతిని నలుపు మింగేస్తుంది కాబట్టి మెరుపు ఒక్కటే కంటికి అందుతుంది. అదే పొడిని తెలుపు మీద రుద్దితే వెలిసిన వెండిలా కనిపిస్తుంది. ముత్యపు పొడికి పాలతెలుపు, లేత గులాబీ, మేని రంగు సరిపోతాయి. 2022లో అమెరికా మోడల్ హెయిలీ బీబర్ గోళ్ల ఫోటోలతో ప్రపంచమంతా అడగడం మొదలుపెట్టిన పంచదార పాకం పూసినట్టుండే గోళ్లు ఈ కోవలోనివే. చూసే కోణాన్ని బట్టి రంగు మారే ఊసరవెల్లి పొడులకూ నలుపే మేలు. ఇంద్రధనుస్సు చిందే హోలో పొడికి బూడిద రంగు లేదా వెండి రంగు జెల్ చాలు. పిల్లి కన్ను అని అడిగేది మాత్రం పొడి పని కాదు. ఇనుప రేణువులు కలిపిన జెల్‌ను అయస్కాంతంతో ఒక గీతగా లాగితే వచ్చేది.

రంగు జెల్ మీద నేరుగా రుద్దితే ఎందుకు నిలవదు?

రంగు జెల్ ల్యాంప్ కింద గట్టిపడినప్పుడు దాని పైపొర మాత్రం పూర్తిగా గట్టిపడదు, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ ఆ పైపొరలో జరగాల్సిన రసాయన చర్యను అడ్డుకుంటుంది. వేలితో తాకితే తేనె అంటినట్టు తెలిసే ఆ జిగట పొర మీద పొడి వేస్తే, పలుకు ఎక్కడ పడితే అక్కడే కూరుకుపోతుంది, పక్కకు జరగదు, పడుకోదు. చూపుకు ఇసుక చల్లినట్టుంటుంది. జిగట మిగలని నో-వైప్ టాప్ కోట్‌ను రంగు మీద ఒక పొర వేసి, అది గట్టిపడ్డాక రుద్దాలి. నున్నటి తలం మీద పలుకు జారుతుంది, జారుతూ పడుకుంటుంది, ఆ తలంలో ఇంకా మిగిలి ఉన్న కొద్దిపాటి అంటుతో అక్కడే పట్టుకుంటుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు రంగు ముట్టుకోకముందే బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరబెడతారు. ఆ నానబెట్టడం సరిగా కుదరకపోతే ఎంత చేయి తిరిగినవారైనా గీత గీయలేరు. గోరు మీద ఆ పని నో-వైప్ పొరది.

ల్యాంప్ కింద ఎంతసేపు ఉంచి రుద్దాలి?

అందరూ తడబడే చోటు ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. నో-వైప్ పొర తక్కువ ఆరితే పొడి ముద్దలుగా అంటి, రుద్దేకొద్దీ పొరే గీతలు పడుతుంది. ఎక్కువ ఆరితే గాజు మీద బూడిద రుద్దినట్టు పొడి జారిపోతుంది, అక్కడక్కడ మచ్చలుగా మాత్రం నిలుస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న సమయాన్ని పట్టుకోవాలి.

ఆ సమయం అందరికీ ఒకటి కాదు. టాప్ కోట్ సీసా మీద 60 సెకన్లు అని ఉన్నా, అది ఆ తయారీదారు ల్యాంప్‌కు చెప్పిన లెక్క. ఎల్ఈడీ ల్యాంపులు సాధారణంగా 365, 405 నానోమీటర్ల కాంతినిస్తాయి. రెండు ల్యాంపుల మీదా ఒకే వాట్ల అంకె రాసి ఉన్నా, గోటికి చేరే కాంతి ఒకేలా ఉండదు. పాతబడిన ల్యాంపులో ఒకటి రెండు బల్బులు పోయి ఉంటే బొటనవేలికి ఒక తీరు, చిటికెన వేలికి ఒక తీరు ఫలితం వస్తుంది. నేను చేసేది చెబుతాను. కొత్త సీసా తెచ్చిన రోజే నాలుగు ప్లాస్టిక్ గోళ్లకు నలుపు వేసి, నో-వైప్ పూసి, ఒకదాన్ని 20, ఒకదాన్ని 30, ఒకదాన్ని 45, ఒకదాన్ని 60 సెకన్లు ల్యాంపులో ఉంచి, బయటికి తీయగానే ఒకే తీరుగా రుద్దుతాను. ఏది అద్దమైందో దాని అంకెను సీసా మీద మార్కరుతో రాసుకుంటాను. ప్రస్తుతం నేను వాడే టాప్ కోట్‌కు నా ల్యాంపులో అది 30. మీకు 30 కాకపోవచ్చు.

పని నేర్చుకున్న మొదటి ఏడు ఈ పరీక్ష చేయకుండా ఒక అమ్మాయికి పది గోళ్లూ పూర్తి 60 సెకన్లు ఆరబెట్టి రుద్దాను. ఆ పిల్ల చేతులు చాచి చూసుకొని, "అక్కా, అద్దం మాదిరి ఉంటుందంటిరే, ఇది సత్తుగిన్నె మాదిరి ఉండాదే!" అంది. ఆ మాట అక్షరాలా నిజం. తోమి తోమి మసకబారిన సత్తుగిన్నె ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. పది గోళ్లూ తీసి మళ్లీ వేశాను.

ల్యాంపు నుంచి తీశాక ఆలస్యం చేయకపోవడం కూడా అంతే ముఖ్యం. గోరు ఇంకా వెచ్చగా ఉండగానే రుద్దాలి. అయిదు వేళ్లకూ ఒకేసారి పూసి, ఆరబెట్టి, తీరిగ్గా ఒక్కొక్కటి రుద్దుతూ పోతే చివరి వేలికి పొడి సరిగా పట్టదు. కొత్తవారు రెండేసి వేళ్లు చేసుకోవడం మంచిది.

రుద్దే పద్ధతి ఏమిటి?

కనురెప్పలకు రంగు అద్దే చిన్న స్పాంజి పుల్లగాని, సిలికాన్ మొనగాని, తొడుగు వేసుకున్న మునివేలుగాని చాలు. పొడిని మొదట అద్దాలి, తర్వాత రుద్దాలి. గోరు మధ్యలో అద్ది, అక్కడి నుంచి మొదలుకు, పక్కలకు, చివరకు తీసుకుపోవాలి. మొదటి నాలుగైదు రాపుల దాకా బూడిద రంగు మబ్బు మాత్రమే కనిపిస్తుంది, అప్పుడే నిరాశపడి ఇంకా పొడి అద్దకూడదు. అదే పొడిని కొద్దిగా ఒత్తిడి పెంచి చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దుతుంటే, ఉన్నట్టుండి ఒక మూల మబ్బు విడిపోయి నల్లటి మెరుపు బయటపడుతుంది; రెండు క్షణాల్లో ఆ మెరుపు పక్కకు పాకుతుంది, చివరికి గోటిలో పైనున్న ట్యూబులైటు గీత తెగకుండా కనిపిస్తుంది. ఆ గీత వంకర లేకుండా కనిపిస్తే ఆపవచ్చు. ఎక్కడైనా గీత విరిగినట్టుంటే అక్కడ కింది పొరలోనే గుంట ఉందని అర్థం. పొడి దాన్ని కప్పదు, ఎత్తి చూపిస్తుంది.

గోరు మొదట్లో, చర్మానికి ఆనుకొని ఉండే సన్నటి గీత దగ్గర చాలామంది రుద్దడం మరిచిపోతారు. అక్కడికి స్పాంజి చేరకపోతే సన్నటి పుల్ల మొనతో చేయాలి. రుద్దడం అయ్యాక మెత్తటి కుంచెతో దులిపి, చర్మం మీద పడ్డ పొడిని స్పిరిట్ తడిపిన కుంచెతో తుడిచి, అప్పుడు పైపొరకు వెళ్లాలి. స్పిరిట్ గోటికి తగలకూడదు.

ఎంత పొడి కావాలి?

ఒక గోటికి అగ్గిపుల్ల తల మీద నిలిచేంత కంటే తక్కువ. ఒక గ్రాము డబ్బా నాకు నెలల తరబడి వస్తుంది.

మన ఎండలకు, గాలికి ప్రత్యేకంగా జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. మొదటిది, ఫ్యాన్ ఆపాలి. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపమంటే ఎవరికీ ఇష్టం ఉండదని తెలుసు, కాని పొడి డబ్బా తెరిచిన రెండు నిమిషాలైనా ఆపక తప్పదు; లేకపోతే పొడి గోటి మీద కాక బల్ల మీద, ముక్కుల్లో, ఇంకా ఆరని పక్క గోళ్ల మీద చేరుతుంది. రెండవది, నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో జెల్ పలచబడి పక్కలకు జారుతుంది, కాబట్టి పొరలు ఇంకా పలుచగా వేయాలి, వేసిన వెంటనే ల్యాంపులో పెట్టాలి. మూడవది, కిటికీ పక్కన కూర్చొని పని చేయకూడదు. ఎండలోనూ అతినీల లోహిత కాంతి ఉంటుంది కనుక సీసా మూతి దగ్గర జెల్ గడ్డకడుతుంది, కుంచె గట్టిపడుతుంది. కరెంటు పోయే ఊళ్లలో నో-వైప్ పొర మధ్యలో ల్యాంపు ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి ఆరబెట్టవద్దు. ఆ పొరకు మిగిలిన సెకన్లు ఎన్నో తెలియదు కాబట్టి దాన్ని పూర్తిగా ఆరబెట్టి, మీద మరొక పలుచటి నో-వైప్ పొర వేసి పని కొనసాగించడం మేలు.

రెండు మూడు రోజులకే అంచు దగ్గర పెచ్చులు ఊడుతున్నాయి. ఎందుకు?

మాకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇదే. పొడి పొర రెండు జెల్ పొరల మధ్య కూర్చుంటుంది. జెల్‌కు జెల్ గట్టిగా పట్టుకుంటుంది, కాని పొడి మీద పడిన జెల్ పట్టు అంత గట్టిది కాదు. గోడకు సున్నం వేసి తుడవకుండా పెయింటు వేస్తే పెచ్చు ఎలా లేస్తుందో ఇక్కడా అలాగే లేస్తుంది. గోరు నడుమ ఆ బలహీనత బయటపడదు. గోరు చివర మాత్రం రోజంతా దేనికో ఒకదానికి తగులుతూనే ఉంటుంది. అక్కడ పొడి పేరుకొని, పైపొర దాన్ని మూయకపోతే, ఆ సందులో నీరు చేరి పెచ్చు లేస్తుంది.

దీన్ని నేను నేర్చుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. తిరుచానూరులో పెళ్లి. పెళ్లికూతురికి ముందురోజు సాయంత్రం రాగి వన్నె క్రోమ్ వేసి పంపాను, నా కంటికి లోపం కనపడలేదు. తెల్లవారి ముహూర్తంలో జీలకర్ర బెల్లం పెట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. దోసిళ్ల కొద్దీ పసుపు బియ్యం గోళ్లకు రాపిడి పెట్టాయి. అక్షతలు వేయడానికి దగ్గరికి వెళ్లినప్పుడు చూస్తే, కుడిచేతి చూపుడు వేలి గోరు కొన మీద ఆవగింజంత పెచ్చు లేచి, దాని కింద పసుపు చేరి, రాగి గోటికి పచ్చటి అంచు కట్టినట్టుంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తర్వాత ఫోటోల్లో తాళిబొట్టు పక్కన ఆ వేలే కనిపించింది.

ఆనాటి నుంచి మూడు పనులు తప్పకుండా చేస్తున్నాను. రుద్దడం అయ్యాక సన్న ఫైల్‌తో గోరు చివరి అంచును ఒక్కసారి, అడ్డంగా, చాలా తేలిగ్గా గీసి అక్కడి పొడిని తొలగిస్తాను. పైపొర అక్కడ జెల్‌నే నేరుగా పట్టుకుంటుంది. తర్వాత నేరుగా టాప్ కోట్ వేయకుండా, పలుచటి బేస్ కోట్ (రంగుకు ముందు గోటికి వేసే అడుగు పూత) ఒక పొర వేసి ఆరబెడతాను, ఎందుకంటే అంటుకొనే గుణం బేస్ కోట్‌కు ఎక్కువ. చివరగా టాప్ కోట్ వేసేటప్పుడు కుంచెను గోరు కొన మందం మీదుగా కూడా లాగి మూత పెడతాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేయడానికీ అర నిమిషం పట్టదు. పక్క అంచుల దగ్గర కూడా పొడి చర్మాన్ని తాకేదాకా రుద్దకుండా వెంట్రుకవాసి ఎడం వదలాలి.

రుద్దినప్పుడు అద్దంలా ఉంది, టాప్ కోట్ వేశాక మబ్బుగా మారింది. పొరపాటు ఎక్కడ?

దులపకుండా మిగిలిన పొడి కుంచెతో పాటు జెల్‌లోకి లేచి తేలి ఉంటుంది. లేదా టాప్ కోట్ మందంగా పడి ఉంటుంది. కుంచెను గోటికి ఒత్తి లాగినా పడుకున్న పలుకులు లేస్తాయి. జెల్ బొట్టును గోరు మీద వదిలి, కుంచె వెంట్రుకలు ఆ బొట్టును మాత్రమే తోసేలా లాగాలి. పైపొర ఏదైనా కొంత మెరుపును తగ్గించకుండా ఉండదు, పదిలో ఒక వంతు తగ్గితే దాన్ని లోపంగా లెక్కపెట్టవద్దు.

వంటింటి పసుపు, గోరింటాకు ఈ గోళ్ల మీద మరకలు వేస్తాయా?

నల్ల అడుగున్న క్రోమ్ మీద కనపడవు. పాలతెలుపు మీద ముత్యపు పొడి వేసిన గోళ్లకు మాత్రం పులిహోర కలిపిన పూటే పసుపు పడుతుంది. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి సబ్బుతో తోమే బదులు దూదిని స్పిరిట్‌లో ముంచి వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. మిగిలిన ఛాయ ఎండ తగిలి రెండు రోజుల్లో వెలుస్తుంది. గోరింటాకు మరక అలా పోదు. గోరింటాకు పెట్టుకోవాలనుకుంటే ముందు అది పెట్టుకొని, చేతులు బాగా పండి, నూనె జిడ్డు పోయాక గోళ్లకు రండి. జిడ్డు ఉన్న గోటి మీద బేస్ కోట్ నిలవదు.

ఐషాడో, ముగ్గు రంగులు, కుంకుమ వంటివి వాడవచ్చా?

ముత్యపు మెరుపున్న ఐషాడోలోనూ అభ్రకమే ఉంటుంది కాబట్టి అది కొంతవరకు పనిచేస్తుంది, కాని అందులో కలిపిన జిడ్డు, బంధక పదార్థాల వల్ల అద్దం మెరుపు రాదు, పైపొర పట్టు తగ్గుతుంది. ముగ్గు రంగులు వద్దు. వాటిలో ఉండేది రంగు పట్టించిన రాతిపొడి, ఇసుక లాంటివి. పలుకులు కావు కనుక మెరవవు, చర్మానికి వాడదగిన రంగులని భరోసా కూడా లేదు. మన గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుంటారు. పొడిని ఒంటికి అలంకారంగా చేసుకోవడం ఈ ఊరికి తెలిసిన విద్యే. అయితే ఆ పూత ఒక పూటలో కడుక్కొనేది, గోరు మీది పొడి మూడు వారాలు ఉండేది. దేనికి పనికొచ్చేది దానికే వాడాలి.

పొడిని జెల్‌లో కలిపి వేయవచ్చా?

వేయవచ్చు, ఫలితం వేరుగా ఉంటుంది. జెల్‌లో తేలే పలుకులు తలొక దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి అద్దం రాదు, పట్టుచీర మీద నీడ కదిలినట్టు మెత్తటి మెరుపు వస్తుంది. నాకు వ్యక్తిగతంగా అదే ఎక్కువ ఇష్టం. పొడి ఎక్కువ కలిపితే ల్యాంపు కాంతి అడుగుదాకా చేరదు, పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది. చిటికెడులో సగం కలిపి, రెండు పలుచటి పొరలుగా వేసి, విడివిడిగా ఆరబెట్టాలి.

మామూలు నెయిల్ పాలిష్ మీద రుద్దితే?

మామూలు టాప్ కోట్‌లోని ద్రావకం కింది మెరుపును కరిగిస్తుంది. నీటి ఆధారిత టాప్ కోట్ దొరికితే ప్రయత్నించండి, కాని జెల్ మీద వచ్చినంత రాదు.

దురద, శ్వాస ఇబ్బంది, అలర్జీ విషయంలో ఏం చూసుకోవాలి?

దురద, పొక్కులు, వేళ్ల చివర తోలు ఊడడం వంటివి చాలాసార్లు పొడి వల్ల కాదు, పూర్తిగా ఆరని జెల్ చర్మానికి తగలడం వల్ల వస్తాయి. జెల్‌లోని అక్రిలేట్ రసాయనాలకు ఒకసారి అలర్జీ ఏర్పడితే అది జీవితాంతం ఉండిపోవచ్చు, పళ్లకు వేసే ఫిల్లింగుల వంటి వాటిలోనూ ఇలాంటి రసాయనాలే ఉంటాయి కనుక తర్వాత అక్కడా ఇబ్బంది రావచ్చు. అందుకే చర్మం మీదికి జెల్ పారితే ల్యాంపులో పెట్టకముందే తుడవాలి, చేసేవారు తొడుగులు వేసుకోవాలి. హేమా అనే పదార్థమున్న గోళ్ల ఉత్పత్తులను యూరోపియన్ యూనియన్ వృత్తి నిపుణుల వాడకానికే పరిమితం చేసింది. జెల్‌ను గట్టిపరిచే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడి సౌందర్య ఉత్పత్తుల్లో పూర్తిగా నిషేధించారు. ఆ రెండూ లేని జెల్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి, సీసా వెనక చదివి కొనండి.

పొడిని పీల్చకూడదు. ఒక గోటికి రుద్దినప్పుడు ఎగిరేది కొంచెమే, కాని రోజంతా ఈ పని చేసేవారు మాస్కు తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ముందే చెబితే పొడిని విడిగా రుద్దకుండా జెల్‌లో కలిపి వేస్తాము. ల్యాంపు కాంతి గురించి భయపడేవారు వేళ్ల చివరలు తెరిచి ఉండే తొడుగులు వేసుకోవచ్చు, లేదా అమెరికన్ చర్మవైద్యుల సంఘం సూచించినట్టు ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ ముందుగా రాసుకోవచ్చు. సన్‌స్క్రీన్ గోటికి అంటకుండా చూడండి.

ఆసుపత్రిలో ఆపరేషన్ ఉంది. ఈ గోళ్లు ఉంచుకోవచ్చా?

తీయించుకోండి. రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే క్లిప్పు గోటి గుండా కాంతిని పంపి లెక్కిస్తుంది. ముదురు రంగు, లోహపు మెరుపు దానికి అడ్డుపడవచ్చు. పైగా గోటి రంగు నీలం తిరుగుతుందా అన్నది వైద్యులు కంటితోనూ చూస్తారు. వేలూరుకో, తిరుపతికో చికిత్సకు బయలుదేరే హడావిడిలో గోళ్లు గిల్లి ఊడదీసుకొని పుండు చేసుకున్నవారిని చూశాను. రెండు రోజుల ముందే వస్తే శుభ్రంగా తీయవచ్చు.

ఎన్నాళ్లు ఉంటుంది, ఎలా తీయాలి?

రెండు నుంచి మూడు వారాలు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మూడో వారానికి మొదట్లో ఖాళీ కనిపిస్తుంది, క్రోమ్ మీద ఆ ఖాళీ మామూలు రంగు కంటే త్వరగా కంటపడుతుంది. తీసేటప్పుడు ముందు పైపొరను ఫైల్‌తో గరుకుగా చేయాలి, ఎందుకంటే నో-వైప్ పొరలోకి అసిటోన్ సులువుగా దిగదు. తర్వాత అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, మెత్తబడ్డ జెల్‌ను పుల్లతో నెమ్మదిగా తోయాలి. రాకపోతే మళ్లీ చుట్టాలి, గీకకూడదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లో చేసుకునేవారు వంటింటికి, దేవుడి గదిలోని దీపానికి దూరంగా కూర్చోవాలి. పెచ్చు లేచిన గోరును నెలల తరబడి అలాగే వదిలేస్తే దాని కింద తడి నిలిచి గోరు ఆకుపచ్చగా మారే ప్రమాదం ఉంది. అది బ్యాక్టీరియా పని, దాని మీద కొత్త రంగు వేయమని ఎవరు అడిగినా నేను వేయను, చర్మ వైద్యులకు చూపించమంటాను.

కొనేటప్పుడు ఏం చూడాలి?

గాంధీ రోడ్డులో, చిత్తూరు బజారులో, చెన్నై ప్యారిస్ కార్నర్‌లో విడిపొడి పేరులేని చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, చవకగానే వస్తుంది. నేను పేరు లేని డబ్బా కొనను. లేబుల్ మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. దిగుమతి చేసుకున్న సౌందర్య ఉత్పత్తులకు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. పదార్థాల జాబితాలో సీఐ 77019 అంటే అభ్రకం, 77891 అంటే టైటానియం డయాక్సైడ్, 77491 అంటే ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 77000 అంటే అల్యూమినియం. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే డబ్బా మీది బొమ్మ చూసి మోసపోవలసిన పని ఉండదు.

డబ్బాను ఎలా దాచుకోవాలి?

ఒక్కో పొడికి ఒక్కో స్పాంజి ఉంచుకోండి, వెండి పొడిలో రాగి రేణువు ఒకసారి పడితే తిరిగి ఏరలేరు. వానాకాలంలో, ముఖ్యంగా మనకు ఎక్కువగా వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో, డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు పొడి ఉండలు కడుతుంది. నేను పనికి కావలసినంత పొడిని పుల్ల మొనతో చిన్న పింగాణీ మూతలోకి తీసుకొని, డబ్బాను వెంటనే మూసేసి, మిగిలిన పొడిని మళ్లీ డబ్బాలో పోయను. చేతులు తాకిన పొడి డబ్బాలోకి తిరిగి వెళ్లకూడదు.